కాలువలో గెడ ఎందుకు అదురుతుంది? నీళ్ల అదురు నుంచి కరెంటు దాకా



ఈమధ్య ఒక వీడియో మన ఊర్ల గ్రూపుల్లో బాగా తిరుగుతాంది. పారే నీళ్లలో అడ్డంగా ఒక గొట్టం, అది పైకీ కిందికీ ఊగుతుంటుంది, పక్కన బల్బు వెలుగుతుంటుంది. రెక్కలు లేవు, చక్రం లేదు, డ్యామూ లేదు. చూసినోళ్లలో కొందరు "ఇది మన కె.సి. కాలువలో పెడితే మోటర్లన్నీ ఆడతాయి" అంటున్నారు. ఇంకొందరు "అంతా కంప్యూటర్ మాయ" అని కొట్టిపారేస్తున్నారు. నన్నడిగితే రెండు మాటలూ నిజం కాదు. ఆ యంత్రం నిజమే. దాని వెనక దాదాపు 150 ఏళ్ల చరిత్ర ఉంది. కానీ దాన్ని మన కాలువలో దించే ముందు మన కాలువ చరిత్ర కూడా ఒకసారి తిరగేసి చూసుకోవాల. అందుకే రెండు చరిత్రలూ కలిపి రాస్తున్నా. పొడుగు పోస్టే, తీరిక చూసుకొని చదవండి.

మనకు తెలిసిన సంగతితోనే మొదలుపెడదాం.

కాలువలో నీళ్లు జోరుగా పారేటప్పుడు ఒక వెదురు గెడ దించి పట్టుకోండి. గెడ చేతిలో గడగడ అదురుతుంది. నీళ్లు తోస్తే గెడ నీళ్లు పోయే దిక్కుకు వంగాల, అంతే కదా? కానీ అది పక్కలకు ఊగుతుంది. ఒకసారి ఈ గట్టు వైపు, ఒకసారి ఆ గట్టు వైపు. కాలువలోకి వంగిన చెట్టుకొమ్మ కూడా అంతే. గాలి లేకున్నా రోజంతా తల ఆడిస్తానే ఉంటుంది. ఆషాఢం గాలికి కంచె తీగ ఈల వేస్తుంది చూడండి, అదీ ఇదే సంగతి. అక్కడ నీళ్ల బదులు గాలి, గెడ బదులు తీగ.

కారణం ఏమంటే, నీళ్లు గెడకు తగిలి రెండుగా చీలుతాయి. గెడ దాటినాక మళ్లీ కలవాల. కానీ నెమ్మదిగా కలవవు. గెడ వెనక ఒక పక్కన సుడి కడుతుంది, అది తెగి నీళ్లతో పాటు పోతుంది. వెంటనే రెండో పక్కన ఇంకో సుడి కడుతుంది, అదీ తెగి పోతుంది. సుడి తెగిన ప్రతిసారీ గెడను ఒక పక్కకు లాగుతుంది. ఎడమ, కుడి, ఎడమ, కుడి. ఆ లాగుడే మన చేతికి తెలిసే అదురు.

నీళ్లలో సుడులను మనిషి ఎప్పటి నుంచో చూస్తున్నాడు. ఇటలీ చిత్రకారుడు లియోనార్డో డావిన్సీ 500 ఏళ్ల కిందటే అడ్డం తగిలిన నీళ్లు ఎట్లా సుడులు తిరుగుతాయో బొమ్మలు గీసి పెట్టుకున్నాడు. కానీ చూడటం వేరు, లెక్క కట్టడం వేరు. లెక్క కట్టింది చెక్ దేశస్థుడు స్ట్రౌహాల్. 1878లో ఆయన ఒక చట్రానికి తీగ కట్టి గాలిలో గిరగిరా తిప్పి, అది చేసే చప్పుడు ఎంత సన్నగా, ఎంత లావుగా ఉందో కొలిచాడు. తేలింది ఏమంటే, ఆ చప్పుడు తీగను ఎంత బిగించారన్న దాని మీద ఆధారపడదు. రెండింటి మీదే ఆధారపడుతుంది: వేగం ఎంత, తీగ మందం ఎంత.

ఆ లెక్క మనకు కూడా చేతనయ్యేదే. వేగాన్ని మందంతో భాగించి, వచ్చిన దాంట్లో ఐదో వంతు తీసుకోండి. సెకనుకు ఎన్నిసార్లు అదురుతుందో సుమారుగా తెలిసిపోతుంది. సెకనుకు ఒక మీటరు పారే నీళ్లలో 10 సెంటీమీటర్ల గొట్టం పెడితే సెకనుకు 2 సార్లు. 5 సెంటీమీటర్ల గెడ అయితే 4 సార్లు. రెండున్నర మిల్లీమీటర్ల కంచె తీగకు సెకనుకు 5 మీటర్ల గాలి తగిలితే 400 సార్లు. సెకనుకు 400 సార్లు అదిరేది కంటికి కనపడదు, చెవికి ఈలగా వినపడుతుంది. సన్నది తొందరగా అదురుతుంది, లావుది నిదానంగా అదురుతుంది.

ఆ తర్వాత కథ జర్మనీలో గోటింగెన్ అనే ఊర్లో జరిగింది. 1911లో అక్కడ ప్రాంట్ల్ అనే పెద్ద ప్రొఫెసరు దగ్గర హీమెన్జ్ అనే విద్యార్థి ఉండేవాడు. నీళ్ల కాలువలో ఒక గుండ్రటి స్తంభం నిలబెట్టి, దాని చుట్టూ నీళ్ల ఒత్తిడి కొలవడం అతని పని. నీళ్లు ఎంతకీ స్తిమితంగా పారవు, ఊగుతానే ఉంటాయి. స్తంభం సరిగా గుండ్రంగా లేదేమో అన్నారు, నున్నగా చేయించాడు. ఊగుడు పోలేదు. కాలువ రెండు పక్కలా సమంగా లేదేమో అన్నారు, అదీ సరిచేశాడు. అయినా పోలేదు. అక్కడే పనిచేస్తున్న హంగేరీ యువకుడు ఫాన్ కార్మాన్ రోజూ పొద్దున అతన్ని పలకరించి, నీళ్లు నిలకడగా పారుతున్నాయా అని అడిగేవాడట. రోజూ అదే జవాబు, ఊగుతున్నాయి అని. అప్పుడు కార్మాన్‌కు తట్టింది: ఇది స్తంభం తప్పు కాదు, కాలువ తప్పు కాదు, నీళ్ల గుణమే ఇది. కూర్చొని లెక్క వేశాడు. సుడులు ఎదురెదురుగా కాకుండా ఒకదాని తర్వాత ఒకటి, ఈ పక్కా ఆ పక్కా పడితేనే ఆ వరుస నిలుస్తుందని చూపించాడు. అందుకే ఆ సుడుల బారును ఇప్పటికీ కార్మాన్ సుడుల వీధి అంటారు.

ఇంతవరకు చదువుకున్నోళ్ల ముచ్చట. ఇక్కడి నుంచి ఇంజనీర్ల తలనొప్పి మొదలైంది.

మన చేలల్లో శ్రీశైలం వైపు నుంచి వచ్చే పెద్ద టవరు లైన్లు ఉన్నాయి కదా. ఈసారి టవరు దగ్గర తలెత్తి చూడండి. తీగ టవరుకు తగిలే చోటికి కొంచెం ఇవతల, తీగ కింద చిన్న డంబెల్ లాంటిది వేలాడుతుంటుంది. అటొక బరువు, ఇటొక బరువు. పిట్టలు వాలకుండా పెట్టారని కొందరు అనుకుంటారు. అది కాదు. మూడు సెంటీమీటర్ల తీగకు సెకనుకు 3 మీటర్ల మెల్లటి గాలి తగిలినా సెకనుకు 20 సార్లు అదురుతుంది. ఏళ్ల తరబడి అట్లా అదిరితే బిగించిన చోట పోగులు ఒక్కొక్కటే తెగుతాయి. వంచి వంచి తీగను మనం చేత్తో తెంపుతాం చూడండి, అట్లా. ఆ డంబెల్ ఆ అదురును మింగేస్తుంది. 1920లలో అమెరికాలోని దక్షిణ కాలిఫోర్నియా కరెంటు కంపెనీ ఇంజనీరు స్టాక్‌బ్రిడ్జ్ దాన్ని కనిపెట్టాడు. ఆయన పేరు తెలియకపోయినా, ఆయన చేసిన వస్తువు మన చేలల మీద ఎక్కడ చూసినా వేలాడుతుంది.

1940 నవంబరు 7న అమెరికాలో టకోమా వంతెన కూలింది. నడిమి భాగమే 853 మీటర్ల పొడుగున్న వేలాడే వంతెన. జూలై 1న తెరిచారు, నాలుగు నెలలకే గాలికి పాములాగా మెలికలు తిరిగి నీళ్లలో పడింది. దీనికి ఉత్త సుడుల అదురు ఒక్కటే కారణం కాదని, వంతెన తన ఊగుడుతో తానే గాలి నుంచి ఇంకా బలం లాక్కుందని ఇంజనీర్లు తర్వాత తేల్చారు. అయినా గాలి, నీళ్లు మెత్తగా తగిలి కూడా ఇనుమును విరిచేయగలవని లోకానికి అర్థమైంది ఆ రోజే. దాని విచారణ సంఘంలో ఫాన్ కార్మాన్ కూడా ఉన్నాడు. 1995లో జపాన్‌లోని మోంజు అణు విద్యుత్ కేంద్రంలో, పారే సోడియంలో పెట్టిన ఉష్ణోగ్రత కొలిచే చిన్న గొట్టం ఇదే అదురుకు విరిగి సోడియం కారి మంటలు లేచాయి. సముద్రంలో చమురు తీసే పొడవాటి పైపులకైతే ఇది రోజువారీ బాధ. పైపుల చుట్టూ మెలి తిరిగిన రెక్కలు బిగించి, సుడులు వరుసగా కట్టకుండా చెదరగొడతారు.

ఈ అదురు మీద మన దేశంలోనూ మంచి పని జరిగింది. బెంగళూరు ఐ.ఐ.ఎస్.సి.లో ప్రొఫెసరైన రఘురామన్ గోవర్ధన్, అమెరికాలో విలియమ్సన్‌తో కలిసి 2004లో రాసిన వ్యాసం ఈ విద్య నేర్చుకునేవాళ్లు ఇప్పటికీ చదివేది.

చూశారు కదా, అప్పటి దాకా అందరూ చేసింది ఒకటే పని: అదురును ఎట్లా ఆపాల. 2000 తర్వాత ఒకాయన తిరగేసి ఆలోచించాడు. మిషిగన్ విశ్వవిద్యాలయంలో ఓడల ఇంజనీరింగ్ చెప్పే ప్రొఫెసరు మైఖేల్ బెర్నిట్సాస్. ఇనుమును విరిచేంత బలం ఆ అదురులో ఉంటే, ఆపడం ఎందుకు, ఇంకా పెంచి పని చేయించుకుందాం అనుకున్నాడు. మనం వాగును ఆపలేక దాని పక్కనే మడి కట్టుకున్నట్టు అనుకోండి. ఆయన యంత్రం పేరు వివేస్. 2008లో అది లోకానికి తెలిసింది. వీడియోలో మీరు చూసేది ఆ జాతిదే.

అది పనిచేసే తీరు ఇట్లా ఉంటుంది. నీళ్ల దారికి అడ్డంగా, పడుకోబెట్టినట్టు ఒక గొట్టం పెడతారు. రెండు కొసలా స్ప్రింగులకు తగిలిస్తారు. సుడులు ఒకసారి పై నుంచి, ఒకసారి కింది నుంచి తెగుతాయి కాబట్టి గొట్టం పైకీ కిందికీ ఊగుతుంది. ఆ ఊగుడుకు అయస్కాంతాన్ని కట్టి రాగి చుట్టల మధ్య ఆడిస్తే కరెంటు పుడుతుంది. మన డైనమోలో అయస్కాంతం తిరుగుతుంది, ఇందులో వెనకకూ ముందుకూ ఆడుతుంది, తేడా అంతే. స్ప్రింగు బిగువు సరిగా కుదిరిస్తే గొట్టం ఊగుడూ, సుడులు తెగడమూ ఒకే తాళానికి వస్తాయి. ఉయ్యాల ఊపేటప్పుడు అది వెనక్కి వచ్చిన క్షణంలో తోస్తే ఎట్లా ఎత్తుకు పోతుందో అట్లా. నీళ్ల వేగం కొంచెం పెరిగినా తగ్గినా ఆ తాళం తప్పదు. అందుకే ఇది కాలువలకు, నదులకు పనికొస్తుందన్న ఆశ.

ఇంకో గమ్మత్తు. గొట్టం నున్నగా ఉండటం కంటే, కొన్ని చోట్ల ఉప్పుకాగితం లాంటి గరుకు పట్టీలు అతికిస్తే ఇంకా బాగా ఊగుతుందని వాళ్లు చూశారు. ఒక గొట్టం వెనక ఇంకోటి పెడితే, ముందు గొట్టం వదిలిన సుడులు వెనక దానికి సాయపడతాయి. చేపల గుంపు ఒకదాని వెనక ఒకటి ఈదేటప్పుడు చేసేది కూడా ఇదే. మిషిగన్‌లో పోర్ట్ హ్యూరాన్ దగ్గర సెయింట్ క్లెయిర్ నదిలో దించి పరీక్షలు చేశారు. స్పెయిన్‌లో ఒక సంస్థ ఇదే కిటుకుతో రెక్కలు లేని గాలి స్తంభం తయారు చేసింది. కానీ అంగడికి పోయి కరెంటు మోటరు కొన్నట్టు కొనుక్కొచ్చే సరుకు కాలేదు ఇంకా.

వీళ్లు గొప్పగా చెప్పే మాట ఒకటుంది. తిరిగే చక్రాలకు జోరు నీళ్లు కావాల, దీనికి గంటకు 4 కిలోమీటర్ల లోపు పారే నీళ్లు కూడా చాలు అంటారు. అది నిజం. అంటే మన కాలువలాంటి వేగం. మనోళ్లు ఆశపడింది ఇక్కడే. అందుకే ఇప్పుడు లెక్క చూద్దాం.

పారే నీళ్లలో బలం వేగం మీద ఎట్లా ఆధారపడుతుందంటే, వేగం సగమైతే బలం సగం కాదు, ఎనిమిదో వంతు అవుతుంది. సెకనుకు ఒక మీటరు పారితే, ఒక మీటరు ఎత్తు ఒక మీటరు వెడల్పు ఉన్న చోట ఆ నీళ్లలో మొత్తం బలం 500 వాట్లు. అందులో నూటికి 20 మనకు కరెంటుగా చేతికొస్తుంది అనుకుందాం. 100 వాట్లు. అదే అర మీటరు వేగమైతే మొత్తం 62 వాట్లు, మన చేతికి 12. ఒక ఎల్.ఇ.డి. బల్బు. మట్టి కాలువల్లో నీళ్ల వేగం సాధారణంగా మీటరు లోపే ఉంచుతారు, లేకుంటే గట్లు కోసుకుపోతాయి. సెకనుకు 70 సెంటీమీటర్లు అనుకుంటే చదరపు మీటరుకు చేతికొచ్చేది 34 వాట్లే.

ఒక 5 హెచ్.పి. మోటరుకు తక్కువలో తక్కువ 3,700 వాట్లు కావాల. మీటరు వేగంతో పారే నీళ్లలో కూడా దానికి 37 చదరపు మీటర్ల అడ్డం కట్టాల. మూడు మీటర్ల వెడల్పు, ఒక మీటరు లోతు ఉన్న పిల్లకాలువ అయితే ఇట్లాంటి వరసలు 12 పైగా పెట్టాల. కాలువ కాలువంతా గొట్టాలే అవుతాయి. కాబట్టి మోటర్లు ఆడతాయన్న మాట మర్చిపోండి.

మరి ఏమీ లేదా? ఉంది. అదే పిల్లకాలువలో ఒక వరసకు మీటరు వేగంలో 300 వాట్లు. రోజంతా, రాత్రంతా పారితే 24 గంటలకు 7 యూనిట్లు. ఒకటిన్నర కిలోవాట్ల సోలారు పలకలు రోజుకు ఇచ్చేంత. పైగా సోలారు రాత్రి పనిచేయదు, కాలువ రాత్రీ పారుతుంది. మన మహానంది చుట్టుపక్కల, నల్లమల అంచున అరటి తోటలు ఉన్నోళ్లకు రాత్రి ఒక లైటు విలువ ఏమిటో చెప్పనక్కర లేదు. అడవి పందులు, ఈమధ్య చిరుతలు కూడా. కాలువ పక్క చేలల్లో నాలుగు లైట్లు, పురుగుల దీపపు ఎర, ఫోను చార్జింగు, వీటికి ఇది సరిపోతుంది. అంతకు మించి ఆశ పెట్టేవాడు లెక్క తెలియనోడన్నా కావాల, తెలిసి దాచేవాడన్నా కావాల.

ఇంకో లెక్క కూడా గుర్తు పెట్టుకోండి. సెకనుకు మీటరు వేగంలో ఉన్న బలం, అవే నీళ్లు 5 సెంటీమీటర్ల ఎత్తు నుంచి, అంటే రెండు అంగుళాల నుంచి పడితే వచ్చే బలానికి సమానం. అదే కాలువలో ఒక మీటరు డ్రాపు ఉంటే దాని బలం 20 రెట్లు. కాబట్టి డ్రాపు ఉన్న చోట చిన్న టర్బైనే మేలు. నాగార్జునసాగర్ కుడి కాలువ మొదట్లో 90 మెగావాట్లు, ఎడమ కాలువ మొదట్లో 60 మెగావాట్లు తీస్తున్నది ఎత్తు నుంచి పడే నీళ్లతోనే. డ్రాపు లేకుండా చదునుగా పారే చోటే ఈ అదురు యంత్రానికి పని.

లెక్క సరే. కానీ లెక్కకంటే పెద్ద సంగతి ఇంకోటి ఉంది. సాగు కోసం పారే నీళ్లకు రెండో పని అప్పజెప్పడం మన కాలువకు కొత్త కాదు. ఒకసారి వెనక్కి పోదాం.

కె.సి. కాలువను ప్రభుత్వం తవ్వలేదు. మద్రాసు ఇరిగేషన్ కంపెనీ అనే ఇంగ్లీషు కంపెనీ లాభం కోసం 1863 నుంచి 1870 వరకు తవ్వించింది. తుంగభద్ర మీద సుంకేసుల నుంచి కడప దాకా. వెనక ఉన్న ఆలోచన ఆర్థర్ కాటన్‌ది. గోదావరి ఆనకట్ట కట్టిన కాటనే. ఒకే కాలువతో రెండు రాబళ్లు రావాల: పొలానికి నీళ్లు అమ్మాల, పడవలు నడిపి సరుకుల కిరాయి వసూలు చేయాల. అందుకే కాలువ మీద లాకులు కట్టారు. కంపెనీ పెట్టుబడి మీద వడ్డీకి ప్రభుత్వమే హామీ ఇచ్చింది.

కాగితం మీద బాగుంది. కాలువలో కుదరలేదు. పడవకు నీళ్లు నిండుగా, నిదానంగా నిలబడాల. మడికి నీళ్లు పారాల, తగ్గాల, మళ్లీ రావాల. రెండింటికీ ఒకే నీళ్లు. మన నల్లరేగడి రైతులు వానకు పండే జొన్న, పత్తి వదిలి కంపెనీ నీళ్లు కొనడానికి తొందరగా ముందుకు రాలేదు. పడవల రాబడి కూడా కంపెనీ అనుకున్నంత రాలేదు. చివరికి 1882లో ప్రభుత్వమే కాలువను కొనుక్కుంది. పడవలు పోయాయి, లాకుల గుర్తులు మిగిలాయి. కాలువ మాత్రం నిలిచింది. ఈ రోజు రెండు లక్షల అరవై అయిదు వేల ఎకరాల ఆయకట్టు అంటున్నామంటే ఆ కాలువ పుణ్యమే. రెండో పని మీద పెట్టుకున్న ఆశ పోయింది, మొదటి పనే కాపాడింది.

తర్వాతిది శ్రీశైలం. 1963 జూలై 24న నెహ్రూ పునాదిరాయి వేసినప్పుడు అది కరెంటు ప్రాజెక్టు. కుడిగట్టు పవర్‌హౌస్ 1982లో మొదలైంది, 110 మెగావాట్ల యూనిట్లు ఏడు, మొత్తం 770. ఎడమగట్టున భూమి లోపల 150 మెగావాట్ల యూనిట్లు ఆరు, మొత్తం 900. ఆ తర్వాత మన సీమకు సాగునీళ్లు, చెన్నైకి తాగునీళ్లు కూడా అదే జలాశయం మీద పడ్డాయి. పోతిరెడ్డిపాడు, బనకచర్ల, వెలుగోడు, తెలుగుగంగ అన్నీ అక్కడి నుంచే. ఇప్పుడు కె.సి. కాలువకు కూడా ఆ నీళ్లు కొంత ఆధారం.

ఇక్కడ తగువు ఏమిటో మనకు బాగా తెలుసు. కరెంటుకు నీళ్లు కిందికి దిగాల. మన కాలువలకు నీళ్లు పైన నిలబడాల. జలాశయం నిండితే 885 అడుగులు. 854 అడుగుల కంటే కిందికి పోతే పోతిరెడ్డిపాడుకు నీళ్లు సరిగా ఎక్కవు. ఆ అడుగుల లెక్క కోసమే సీమ రైతు ఇన్నేళ్లుగా మొత్తుకుంటున్నాడు. కరెంటు వద్దని ఎవరూ అనడం లేదు. మన బోర్లు ఆడేది కూడా కరెంటుతోనే. కానీ ఒకే నీళ్లకు రెండు పనులు పెడితే, రెండింటికీ నీళ్లు చాలని రోజు ఏ పని ఆగాలో ముందే రాసి పెట్టుకోకపోతే, ఆగేది ఎప్పుడూ గొంతు లేనోడి పనే. శ్రీశైలం మనకు నేర్పిన పాఠం ఇదే.

ఇప్పుడు మూడోది ఈ అదురు కరెంటు. ఇది నీళ్లను తాగదు, ఎటూ మళ్లించదు, ఒక్క బొట్టు కూడా తగ్గించదు. దీన్ని తెచ్చేవాళ్లు చెప్పే మొదటి మాట అదే, అది నిజమే. కానీ ఊరికే వచ్చే బలం ఏదీ ఉండదు. గొట్టం ఊగాలంటే నీళ్ల వేగంలో కొంత పోవాల. వేగం తగ్గిన చోట నీళ్లు వెనక్కి ఎగదన్నుతాయి, పైన మట్టం పెరుగుతుంది. ఒండ్రు అక్కడే పేరుకుంటుంది. గుర్రపుడెక్క, తూటికాడ, చెట్టుకొమ్మలు, పాత చీరలు, దేవుడి నిమజ్జనాల సామాన్లు అన్నీ ఆ గొట్టాలకే చుట్టుకుంటాయి. ఒక తూము దగ్గర కొమ్మ అడ్డం పడితేనే కింద ఎన్ని ఎకరాలకు నీళ్లు అందవో మనకు తెలుసు. పైన మట్టం పెరిగితే పై రైతుకు తూములో ఇంకాస్త నీళ్లు ఎక్కుతాయి. కింద చివరి ఆయకట్టు రైతుకు ఆ మేరకు తగ్గుతాయి. నష్టం ఎప్పుడూ కాలువ చివర నిలబడినోడిదే.

అందుకే నేను యంత్రం వద్దనడం లేదు. ఎవరన్నా మన కాలువలో ఇట్లాంటిది పెడతామని వస్తే అడగాల్సిన మాటలు నాలుగు ఉన్నాయి.

ఒకటి. కాలువలో నీళ్లు అన్నిటికంటే తక్కువ పారే నెలలో వేగం ఎంత, ఎవరు కొలిచారు? నిండు కాలువ లెక్క చూపించి ఏడాదికి గుణిస్తే ఒప్పుకోవద్దు. కాలువ కట్టేసిన నెలల్లో యంత్రం ఇచ్చేది సున్న.

రెండు. యంత్రానికి పైన నీళ్ల మట్టం ఎన్ని అంగుళాలు పెరుగుతుంది, చివరి తూముకు నీళ్లు ఎంత తగ్గుతాయి? ఇది కాగితం మీద రాసి ఇవ్వాల.

మూడు. చెత్త ఎవరు తీస్తారు, ఎన్ని రోజులకు ఒకసారి? గట్టు తెగితే ఎవరు కడతారు? వరద వస్తే ఒక్క గంటలో పైకి ఎత్తేసే వీలుందా?

నాలుగు. పుట్టిన కరెంటు ఎవరిది? కాలువ గట్టు మీద లైట్లకా, ఊరికా, లేక గ్రిడ్డుకు అమ్మితే డబ్బు ఎవరికి? నీళ్లు మనకోసం వదిలినవి. వాటి అదురు మీద వచ్చే రూపాయిలో చివరి ఆయకట్టు రైతుకు కూడా వాటా ఉండాల.

ఈ మాటలు అడగడానికి మనకు దారి ఉంది. 1997 చట్టంతో వచ్చిన నీటి వినియోగదారుల సంఘాలు అందుకే. సంఘం ఎన్నికల్లో ఓటు వేసి ఇంటికి పోవడం కాదు, ఇట్లాంటప్పుడు సంఘం తీర్మానంలో ఈ నాలుగూ రాయించాల.

ఇక మన మహానంది సంగతి. గుడిలో కోనేరు నీళ్లు ఏడాది పొడవునా ఊరుతానే ఉంటాయి. బయట బ్రహ్మగుండం, విష్ణుగుండం దాటి పొలాలకు పారతాయి. వేలాది ఎకరాలను పచ్చగా ఉంచేవి ఆ నీళ్లే. ఎండాకాలం కట్టేసే కాలువ కాదది, ఒండ్రు లేదు, నీళ్లు అద్దంలాగా ఉంటాయి. కాబట్టి గుడి, గుండాలు తాకకుండా, కింద పొలాలకు పోయే కాలువల్లో ఒక చిన్న గొట్టం, రెండు లైట్ల మందం, ఎవరన్నా చదువుకున్న పిల్లలు చేసి చూపిస్తే బాగుంటుంది. మహానందిలోనే వ్యవసాయ కళాశాల ఉంది, నంద్యాలలో ఇంజనీరింగ్ చదివే పిల్లలు ఉన్నారు. స్ప్రింగులు, పి.వి.సి. పైపు, అయస్కాంతాలు, రాగి తీగ, ఇవి దొరకని వస్తువులు కావు. వేగం సరిపోతుందా లేదా అనేది ముందు కొలవాల, అంతే.

కొలవడం సులభం. కాలువ నేరుగా పారే చోట గట్టు మీద 10 మీటర్లు కొలిచి రెండు కొసలా పుల్లలు గుచ్చండి. పై కొసన నిమ్మకాయ వేసి, కింది కొసకు చేరేదాకా ఫోనులో సెకన్లు చూడండి. 10 సెకన్లు పడితే పైపొర వేగం సెకనుకు మీటరు. నీళ్ల అడుగున వేగం తక్కువ కాబట్టి నూటికి 15 తగ్గించండి. 20 సెకన్లు పడితే బలం ఎనిమిదో వంతే అని గుర్తు పెట్టుకోండి. మూడుసార్లు వేసి సగటు తీయండి.

కాలువకు నీళ్లు వదిలినాక ఈ పని చేయండి. మీ కాలువ పేరు, తూము నంబరు, సెకన్లు కింద రాయండి. మొదటి తూము దగ్గర ఒకరు, చివరి తూము దగ్గర ఒకరు కొలిస్తే ఇంకా మేలు. యంత్రం వచ్చినా రాకపోయినా, చివరి రైతుకు నీళ్లు ఎంత వేగంతో, ఎంత లోతుతో వస్తున్నాయో మన చేతిలో రాసిన లెక్క ఉంటుంది. రేపు సంఘం మీటింగులో నోటి మాటకంటే ఆ లెక్కకే విలువ.